మీసం గుణకం

అది 2022, అక్టోబరు నెల. పత్తి చేలు పూత మీదా కాయ మీదా ఉన్న రోజులు. సత్తెనపల్లి బస్టాండు దగ్గర ఆటో ఎక్కి ముప్పావు గంట కూర్చుంటే వచ్చే ఒక ఊళ్ళో మా ప్రాజెక్టు నడుస్తూ ఉండేది. ఊరి పేరు మాత్రం రాయను. రాస్తే ఇందులోని పెద్దమనిషి గుంటూరు వచ్చి మా ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆయన గురించి రాసినందుకు కాదు, ఫొటో వెయ్యనందుకు.

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే పురుగుల లెక్కలు కడతానని చెబుతాను. మా అత్తగారు మాత్రం ఈ మాట వీధిలో ఎవరికీ చెప్పరు. "లెక్కల్లో పెద్ద ఉద్యోగం" అని అక్కడితో ఆపేస్తారు. అంతకు ముందు పన్నెండేళ్ళు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో ఇంటర్ పిల్లలకి కలనగణితం చెప్పాను. అక్కడ మెట్ల మొదలు నుంచి మంచినీళ్ళ కుళాయి దాకా గోడలన్నీ ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలే. ప్రతి సోమవారం పరీక్ష, మంగళవారం ర్యాంకుల జాబితా. జాబితా అతికించని మంగళవారం నాకు అన్నం సయించేది కాదు. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు దీనితో పని పడుతుంది.

మా పనిలో మోడల్ అంటే ప్రాణమున్న దాన్ని సమీకరణాల్లో రాయడం. పత్తిలో గులాబీ రంగు పురుగునే తీసుకుందాం. ఈ వారం చేలో ఎన్ని రెక్కల పురుగులు ఎగురుతున్నాయి, ఒక్కొక్కటి ఎన్ని గుడ్లు పెడుతుంది, వాటిలో ఎన్ని బతుకుతాయి, బతికినవి ఎన్నాళ్ళకి రెక్కలొచ్చి మళ్ళీ గుడ్లు పెడతాయి, ఇవన్నీ అంకెలుగా రాసుకుంటే వచ్చే నెల చేను ఎలా ఉంటుందో కంప్యూటర్లోనే ముందుగా నడిపించి చూడవచ్చు. అలా నడిపించడాన్ని సిమ్యులేషన్ అంటారు. పురుగుకి మన క్యాలెండరు తెలియదు. దాని వయసు వేడితో నడుస్తుంది, అందుకని దాని పుట్టినరోజుని తేదీల్లో కాకుండా డిగ్రీ-డేల్లో, అంటే రోజురోజుకీ పోగయ్యే వేడిలో లెక్కేస్తాం. వినడానికి ఇది గొప్పగానే ఉంటుంది. కానీ మోడల్‌కి రోజూ మేత వెయ్యాలి. దాని మేత చేలోంచి వచ్చే అంకెలు.

ఆ అంకెల కోసం నలభై మంది రైతుల చేలల్లో నలభై లింగాకర్షక బుట్టలు పెట్టించాం. పేరు పెద్దది గానీ వస్తువు చిన్నదే. కర్రకి కట్టిన ప్లాస్టిక్ గరాటు, దాని కింద పొడుగాటి పాలిథిన్ సంచి, పైన మూత. మూత కింద చిటికెన వేలి గోరంత రబ్బరు బిళ్ళ ఉంటుంది. ఆ బిళ్ళకి ఆడ రెక్కల పురుగు వాసన పట్టించి ఉంటుంది. మగవి ఆ వాసనకి పరుగెత్తుకొచ్చి గరాటులోంచి జారి సంచిలో పడతాయి. మేం దాన్ని ల్యూర్ అంటాం, ఊళ్ళో వాళ్ళు ఎర అంటారు. రైతు చెయ్యాల్సిందల్లా పొద్దున్నే సంచిలో ఎన్ని పడ్డాయో చూసి మా వాట్సాప్ గ్రూపులో అంకె పెట్టడం. రాత్రికి ఎనిమిది చొప్పున వరసగా మూడు రాత్రులు పడితే జాగ్రత్త పడాలని అర్థం.

ఊరి పాలకేంద్రం అరుగు మీద మొదటి సమావేశం పెట్టి ఇదంతా వివరించాను. ముందు వరసలో కుర్చీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్న అరవై ఏళ్ళ మనిషి కోటయ్య గారు. తెల్లటి చొక్కా, కొసలు పైకి తిరిగిన మీసం. ఎడ్లతో బండ లాగుడు పోటీల్లో మూడేళ్ళు వరసగా ఆయన జతకే మొదటి బహుమతి వచ్చిందట. ఎడ్లని అమ్మేసి పదేళ్ళయినా ఆ మీసం మాత్రం ఇంకా పోటీలోనే ఉంది. వెనకాల స్తంభానికి ఆనుకుని నిలబడ్డ మనిషి మస్తాన్‌బీ. నలభై దాటిన వయసు. ఆమె భర్త చిలకలూరిపేటలో స్పిన్నింగ్ మిల్లులో పనికి పోతాడు, సేద్యం మొత్తం ఆమెదే. రెండున్నర ఎకరాలు కౌలుకి తీసుకుని పత్తి వేసింది. పోయినేడు పురుగు తినేసింది కాబట్టి ఈ ఏడు కూడా పంట పోతే చేను వేరేవాళ్ళకి ఇస్తానని ఆసామి ముందే చెప్పేశాడు. ఆ రెండున్నర ఎకరాలు తప్ప ఆమెకి ఇంకో చేను లేదు.

నేను చెప్పడం అయ్యాక అందరికంటే ముందు అడిగింది ఆమే.

"అంటే మేడం, ఆడది లేకుండానే ఉన్నట్టు నమ్మించి మగపురుగుల్ని పట్టుకుంటారా?"

"అంతేనమ్మా."

"రబ్బరు ముక్క కోసం వచ్చి పడతయ్యా!"

"పడతాయి."

ఆడవాళ్ళందరూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. కోటయ్య గారు మీసం సవరించుకుని, "పురుగు సంగతి మాట్టాడండమ్మా, మధ్యలో మగాళ్ళెందుకు" అన్నారు.

చివర్లో నేను ఒక హెచ్చరిక కూడా చేశాను. ఎరని చేత్తో ముట్టుకోవద్దు, చేతి వాసన అంటుకుంటే పని చెయ్యదు, మూత జోలికి అసలు పోవద్దు అని. ఆ మాట అందరూ విన్నారు, ఒక్కరు తప్ప.

పెట్టిన పది రోజులకి నలభై మందిలో ఏడుగురే అంకెలు పంపుతున్నారు. మిగతావాళ్ళు గ్రూపులో శుభోదయం బొమ్మలూ, పెళ్ళిరోజు శుభాకాంక్షలూ పెడుతున్నారు. నా మోడల్ పస్తులుంది. మా క్షేత్ర సహాయకుడు ఏసుబాబు గారు వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయి మా దగ్గర చేరిన మనిషి. ఆయన ఇంటింటికీ తిరిగి బతిమాలి వచ్చి, "మేడం, మన లెక్క వాళ్ళకెందుకండీ? వాళ్ళకేమన్నా ఉండాలిగా అందులో" అన్నారు.

అప్పుడు నాలోని కోచింగ్ సెంటర్ లేచింది. మర్నాటి నుంచి రోజూ పొద్దున తొమ్మిదింటికి గ్రూపులో ఒక జాబితా పెట్టడం మొదలెట్టాను. పైన 'నేటి ర్యాంకులు' అని పెద్ద అక్షరాలు. ఎక్కువ పురుగులు పడ్డవాళ్ళు పైన, తక్కువ పడ్డవాళ్ళు కింద. మొదటి పేరు పక్కన బంగారు కప్పు బొమ్మ, రెండుకి వెండి, మూడుకి కంచు. అంకె పంపనివాళ్ళ పేరు ఎర్ర రంగులో.

మూడో రోజుకి నలభైకి నలభై అంకెలు వచ్చాయి. నాకు నేనే భుజం తట్టుకున్నాను. ఆ సాయంత్రం మా ఆయనకి, "ఈ శాస్త్రవేత్తలకి పాఠం చెప్పడం రాదు, అందుకే రైతులు మాట వినరు" అని కూడా చెప్పాను. ఆ మాట ఇప్పటికీ ఆయన సందర్భం దొరికినప్పుడల్లా నాకు తిరిగి వప్పజెబుతూ ఉంటారు.

నాలుగో రోజు కోటయ్య గారు ఫోన్ చేశారు.

"మేడం గారూ, లిస్టు చూశాను. మా బావమరిది అంజయ్యకి తొమ్మిదంటగా?"

"అవునండీ."

"అయ్యన్నీ పురుగులేనా, ఈగల్ని కూడా కలిపాడా? వాడి చరిత్ర మీకు తెలవదు."

"ఫొటో పంపారండీ, పురుగులే."

"మనది పదకొండో ర్యాంకు వేశారే!"

"మీకు నాలుగే పడ్డాయి కదండీ. తక్కువ పడటం మంచిదే."

"సరేలెండి" అని పెట్టేశారు. ఆ 'సరేలెండి'లో ఏముందో పట్టుకునే సమీకరణం నా దగ్గర లేదు.

మర్నాడు కోటయ్య గారికి పద్నాలుగు. ఆ తర్వాత ముప్పై ఒకటి. వారం తిరిగేసరికి ఎనభై రెండు. వట్టి అంకె కాదు, రుజువు కూడా ఉండేది. దినపత్రిక పరిచి, చచ్చిన రెక్కల పురుగుల్ని పదేసి చొప్పున వరసలు పేర్చి, పక్కన తను నిలబడి ఫొటో. బంగారు కప్పు ఆయన పేరు పక్కనుంచి కదల్లేదు. అంజయ్య గారి అంకె మాత్రం తొమ్మిది నుంచి సున్నాకి పడిపోయింది. ఆయన ఒక్కడిదే కాదు, ఆ చుట్టుపక్కల పదకొండు బుట్టల్లో వరసగా సున్నాలు. మస్తాన్‌బీది కూడా. జాబితాలో అందరికంటే అడుగున ఆమె పేరు. గ్రూపులో ఎవరో ఆమె సున్నా కింద గుడ్డు బొమ్మ పెట్టారు, దాని కింద ఇరవై మంది పళ్ళికిలించే బొమ్మలు పెట్టారు. నేను కూడా చూశాను, చూసి ఊరుకున్నాను.

ఇలా గుంపులోంచి విడిపోయి ఎగిరిపోయే అంకెని మేం అవుట్‌లయర్ అంటాం. అటువంటిది కనపడితే ముందు చెయ్యాల్సిన పని, ఆటో ఎక్కి వెళ్ళి దాన్ని కళ్ళతో చూడటం. నేను ఆ పని చెయ్యలేదు. దానికి ఒక సిద్ధాంతం కట్టాను. కోటయ్య గారి చేను గట్టు మీద పోయినేటి పత్తి కట్టె వామి ఉంది. నిరుటి పురుగు అలాంటి వాముల్లోనే తల దాచుకుంటుంది. కాబట్టి అదే పుట్టిల్లు. మరి చుట్టూ సున్నాలెందుకు? పుట్టింట్లోనే తిండీ తోడూ పుష్కలంగా దొరుకుతున్నాయి కాబట్టి పురుగులు బయటికి పోవడం లేదు! ఈ ముక్క తట్టినప్పుడు కుర్చీలోంచి లేచి గదంతా తిరిగాను. రెండు కొత్త సమీకరణాలు రాశాను. సిమ్యులేషన్ నడిపితే తెరమీద కోటయ్య గారి చేను మిరపపండులా ఎర్రగా, చుట్టూ పదకొండు చేలు పాలలా తెల్లగా వచ్చాయి. మా పైవాళ్ళకి చూపిస్తే ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు.

ఏసుబాబు గారు మాత్రం ఆ పటాన్ని కళ్ళజోడు పైకెత్తి చాలాసేపు చూశారు.

"మేడం, ఒక చిన్న డౌటు. పురుగులకి గట్లు తెలుస్తయ్యాండీ?"

"ఎందుకండీ?"

"తెలుపు సరిగ్గా ఈ డొంక వెంబడే ఉంది. కోటయ్య గారు రోజూ పొద్దున్నే పాల క్యాను పట్టుకుని నడిచేది ఈ డొంకమ్మటే."

నేను ఓపిగ్గా నవ్వి, కోరిలేషన్ అంటే ఏమిటో ఆయనకి పాఠం చెప్పాను. రెండు విషయాలు పక్కపక్కన కనపడినంత మాత్రాన ఒకదాని వల్ల రెండోది జరిగినట్టు కాదని, ఇది అందరూ చేసే పొరపాటని, ముఖ్యంగా లెక్కలు చదవనివాళ్ళు చేస్తారని. ఆయన "అట్టాగేనండీ" అని కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆ దృశ్యం గుర్తొస్తే ఇప్పటికీ నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఇక్కడిదాకా అయితే నా పరువు ఒక్కటే పోయేది. కానీ ఆ వారమే మాకు ట్రైకోకార్డులు వచ్చాయి. చిన్న అట్టముక్కల మీద కంటికి సరిగా ఆనని బుల్లి కందిరీగల సంతానం ఉంటుంది. ఆ ముక్కని ఆకు అడుగున గుచ్చితే అవి బయటికొచ్చి పత్తి పురుగు గుడ్లను వెతికి నాశనం చేస్తాయి. మందు కొట్టే పని తగ్గుతుంది. చిక్కల్లా రెండు. ఒకటి, అవి ఎక్కువ రోజులు నిలవ ఉండవు. రెండు, ఈసారి వచ్చినవి ఓ పది ఎకరాలకి సరిపోయేవే. ఎవరి చేలో పెట్టాలో మోడల్ చెప్పాలి. నా మోడల్ ఏం చెప్పిందో మీరే చెప్పేయగలరు.

ఆ బుధవారం కార్డుల పెట్టెతో ఊళ్ళో దిగేసరికి పాలకేంద్రం ముందు షామియానా వేసి ఉంది. దాని పక్కన నిలువెత్తు ఫ్లెక్సీ. అందులో కోటయ్య గారు నల్ల కళ్ళజోడు పెట్టుకుని నమస్కారం చేస్తున్నారు. కింద ఇలా ఉంది: 'పత్తి పురుగుల పట్టివేతలో వరుసగా పదిరోజులు ప్రథమ స్థానం సాధించిన మా కోటయ్య గారికి హార్దిక శుభాకాంక్షలు. ఇట్లు, మిత్రబృందం.' ఒక మూల నా ఫొటో కూడా ఉంది, వాట్సాప్‌లోంచి తీసింది, మా అత్తగారి భుజం సగం కనపడుతూ.

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. మైకు నా చేతికి రాకముందే కోటయ్య గారు అందుకుని, ఈ విజయం తన ఒక్కడిది కాదని, ఊరిదని చెబుతున్నారు. నేను మధ్యలో కల్పించుకుని, "అయ్యా, ఇది విజయం కాదండీ. మీ చేను పెద్ద ప్రమాదంలో ఉంది" అన్నాను.

"జిల్లాలో ఇంత ప్రమాదం ఇంకెవరికన్నా ఉందా మేడం గారూ?"

"లేదండీ."

"విన్నారుగా!" అని ఆయన జనం వైపు తిరిగారు. చప్పట్లు.

ఆ చప్పట్ల మధ్యలోంచి మస్తాన్‌బీ ముందుకొచ్చింది. కొంగు మూటకట్టి పట్టుకుంది. నా ముందున్న బల్ల మీద కొంగు విప్పితే పత్తి పూలు రాలాయి. విచ్చుకున్న పూలు కావు. రేకులు ఒకదానిలోకి ఒకటి మెలిపెట్టి కుట్టేసినట్టు బిగుసుకుపోయినవి. పురుగు లోపల దూరి రేకుల్ని తన దారంతో కట్టేసుకుంటుంది. వాటిని గుడ్డి పూలు అంటారు.

"నూరు పూలు చూశాను మేడం. మీరు మొదటి మీటింగులో చెప్పారే, చేను ఈ మూల నుంచి ఆ మూలకి నడుస్తా చూడమని, అట్టాగే చూశాను. పందొమ్మిది గుడ్డియ్యి."

నూటికి పది దాటితేనే ప్రమాదం. ఆమె ఒక పువ్వు అందుకుని గోటితో చీల్చింది. లోపల గులాబీ రంగు పురుగు బద్ధకంగా ఒళ్ళు విరుచుకుంది.

"మీ ర్యాంకుల్లో నాకు రోజూ సున్నా" అంది. "సున్నా అని మీరు రాస్తంటే మా ఆయన పురుగు లేదనుకున్నాడు, ఆసామి లేదనుకున్నాడు, నేనూ నిజమే అనుకుని ఇన్నాళ్ళూ పూలు ఇప్పి చూళ్ళేదు. ఈ చేను పోతే నాకు మళ్ళీ చేను లేదు మేడం. మీ బుట్ట చెప్పిందా అబద్ధం, నా పూలు చెప్తన్నయ్యా?"

కోటయ్య గారు మైకు కిందపెట్టి షామియానా గుంజ వైపు చూస్తూ ఉన్నారు. ఏసుబాబు గారు లేచి, "పదండి, చూద్దాం" అన్నారు.

అరకిలోమీటరు నడక. వెనకాల ఊరంతా వచ్చింది. మస్తాన్‌బీ బుట్ట చక్కగా నిలబెట్టి ఉంది, సంచి శుభ్రంగా ఉంది. ఏసుబాబు గారు మూత తీసి కిందికి వంగి చూశారు.

"ఎర ఏదమ్మా?"

"మీరు పెట్టెళ్ళిందే సార్. నేను ముట్టుకోలా. మూత జోలికి పోవద్దని మేడమే చెప్పిందిగా."

మూత కింద ఏమీ లేదు. పక్క చేలో మూత తీశాం, అక్కడా లేదు. అంజయ్య గారి బుట్టలోనూ లేదు. డొంక వెంట వరసగా పదకొండు మూతలు తీశాం. పదకొండూ ఖాళీ. వారం పది రోజులుగా ఆ బుట్టలు ఊరికే గాలికి ఊగుతున్నాయి. ఆ వట్టి గాలిని నేను పాల తెలుపు రంగులో పటం వేసి చప్పట్లు కొట్టించుకున్నాను.

ఇక మిగిలింది కోటయ్య గారి బుట్ట.

"అది ఇప్పుడు తియ్యగూడదండీ" అన్నారాయన అడ్డంగా నిలబడి. "ఇంతమంది కళ్ళు పడితే దిష్టి తగులుద్ది."

"దేనికి బావా, పురుగులకా?" అని వెనకనుంచి అంజయ్య గారు.

ఏసుబాబు గారు పక్కనుంచి చెయ్యి పోనిచ్చి మూత ఎత్తేశారు. మూత కింద ఎర్ర దారానికి గుచ్చిన రబ్బరు బిళ్ళల దండ వేలాడుతోంది. పన్నెండు బిళ్ళలు. మధ్యలో దూరం సమానంగా ఉండేలా ముడులు వేసి మరీ కట్టారు. ఊళ్ళో ఉన్న మగ రెక్కల పురుగులన్నీ ఆ దండ వాసనకి అక్కడికే ఎందుకొచ్చాయో అప్పుడు తెలిసింది. అక్కడికక్కడే పూలు విప్పి చూస్తే కోటయ్య గారి చేలో నూటికి మూడు గుడ్డి పూలు కూడా లేవు.

"దొంగతనం కాదు మేడం గారూ!" అన్నారు కోటయ్య గారు, నేనింకా నోరు తెరవకముందే. "ఊరికే ఏలాడతన్నయ్యి గదా అని తీశాను. మళ్ళీ ఎక్కడియ్యి అక్కడ పెట్టేద్దామనే. బండ లాగుడులో మూడేళ్ళు ఫస్టొచ్చిన ఇల్లండీ మాది. ఈడు తొమ్మిదట, మనకి నాలుగట! పదకొండో ర్యాంకట! నేనసలు ఊళ్ళో తలెత్తుకోవద్దా?"

"ఎక్కువ పడితే చెడ్డదని చెప్పాను కదండీ!" నాకు గొంతు పెరిగింది. "కప్పు గెలుచుకోవడానికి ఇవేమైనా ఎడ్లా?"

"కప్పు మీరేగా పెట్టింది" అంది మస్తాన్‌బీ.

ఆమె కోపంగా అనలేదు. మామూలుగా అంది.

"నాకు రోజూ సున్నా వచ్చేది. సున్నా అంటే పురుగు లేదని, చేను బాగుందని అర్థమని మీరే చెప్పారు. మరి చేను బాగున్న నాకు చివరి ర్యాంకు ఎందుకిచ్చారు మేడం? గుడ్డు బొమ్మ పెట్టి అందరూ నవ్వుతుంటే, పోనీలే నవ్వనీ, పంట బాగుందిగా అనుకుని ఓర్చుకున్నాను."

పన్నెండేళ్ళు ఎక్కువ వచ్చినవాడిని పైనా, తక్కువ వచ్చినవాడిని కిందా రాసి రాసి, చెయ్యి దానంతట అదే రాసేసింది. పరీక్ష మార్కులకీ పత్తి పురుగులకీ ఉన్న తేడా నా బుర్రకి తెలుసు, చేతికి తెలియలేదు. ఆ చేను మధ్యలో, ఊరందరి ముందు, ఆమెకి చేతులు జోడించి తప్పు నాదేనని చెప్పాను. సిగ్గుతో ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కార్డుల పెట్టె అక్కడికే తెప్పించాం. పది ఎకరాలకి వచ్చినవి మస్తాన్‌బీ చేలోనూ, గుడ్డి పూలు ఎక్కువగా ఉన్న పక్క రెండు చేలల్లోనూ పెట్టాలని నిర్ణయించాం. అప్పటికే పూలలో, కాయల్లో దూరిన పురుగుని ఈ కందిరీగలు ఏమీ చెయ్యలేవు. కాబట్టి గుడ్డి పూలన్నీ కోసి తగలబెట్టాలి. రెండున్నర ఎకరాల్లో ఒక్క మనిషి ఎన్నని కోస్తుంది?

కోటయ్య గారు ఇస్త్రీ చొక్కా విప్పి గట్టు మీద పెట్టారు.

"అమ్మాయ్ మస్తాన్‌బీ, సంచొకటి ఇయ్యి."

"నీకెందుకు బాబాయ్, ఎండన పడి."

"ఇయ్యమంటుంటే!"

ఆయన దిగితే అంజయ్య గారు ఊరుకుంటారా? ఆయన పక్క సాలులోకి దిగారు. వాళ్ళని చూసి ఇంకో పదిమంది దిగారు. గంట గడిచేసరికి ఎవరి సంచి ఎక్కువ నిండిందో అని బావా బావమరుదుల మధ్య కేకలు మొదలయ్యాయి. సాయంత్రానికి చేలో గుడ్డి పువ్వు కనపడలేదు. చివర్లో కోటయ్య గారు చెమటలు కక్కుకుంటూ నా దగ్గరికొచ్చి, సంచి కిందపెట్టి, మెల్లగా అడిగారు.

"మేడం గారూ, ఎవరెన్ని కోశారో రాశారా?"

"రాయలేదండీ" అన్నాను. అంత కష్టంగా అబద్ధం ఎప్పుడూ ఆడలేదు. రాశాను. మస్తాన్‌బీ ఆయనకంటే ఇరవై పూలు ఎక్కువ కోసింది.

తర్వాత సంగతి క్లుప్తంగా చెబుతాను. మస్తాన్‌బీ మొదటి తీతలో కాయలు సరిగా విచ్చుకోలేదు, పత్తి అక్కడక్కడా ఎర్రబారింది. ఆ నష్టంలో నా వాటా ఎంతో నాకు తెలుసు. రెండో తీత, మూడో తీత తెల్లగా వచ్చాయి. ఆసామి చేను ఆమెకే ఉంచాడు. ఫ్లెక్సీ గుడ్డని కోటయ్య గారి వాళ్ళే తెచ్చి ఆమె పత్తి బోరేల మీద మంచు పడకుండా కప్పారు. దాని మీద నా బొమ్మా, మా అత్తగారి భుజమూ ఆ చలికాలమంతా పత్తికి కాపలా కాశాయి.

నేను ఆఫీసులో కూర్చుని నా రెండు కొత్త సమీకరణాలూ చెరిపేశాను. పురుగు పుట్టుక, చావు, వేడి, గాలి, పంట వయసు అన్నీ మోడల్‌లో ఉన్నాయి. ఆ పురుగుల్ని లెక్కపెట్టే మనిషి మాత్రం అందులో లేడు. అతనికి బావమరిది ఉంటాడని, ఆ బావమరిదికి తొమ్మిది వస్తే ఇతనికి నిద్ర పట్టదని నేను ఎక్కడా రాయలేదు. అందుకని అంకె చేలోంచి నా దాకా వచ్చే దారిలో ఎంత మారుతుందో చూసే ఒక పారామీటర్ కలిపాను. ప్రోగ్రాంలో దాని పేరు 'మీసం'. పై అధికారి ఒకరు సమీక్షలో ఆపి, "ఈ మీసం గుణకం ఏమిటండీ?" అని అడిగారు. "అంకె పంపేవాళ్ళ ప్రవర్తన సార్" అన్నాను. "ఎవరి మీద కొలిచారు?" అన్నారు. "మొదట నా మీదే సార్, కప్పు బొమ్మ పెట్టింది నేనే" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు గానీ రాసుకున్నారు.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. మీ కాగితం మీద సున్నా కనపడితే సంతోషపడకండి, భయపడకండి, ముందు వెళ్ళి మూత తియ్యండి. ఏమీ లేకపోతే వచ్చే సున్నా వేరు, చూడకపోతే వచ్చే సున్నా వేరు. రెండూ కాగితం మీద ఒకేలా గుండ్రంగా ఉంటాయి. వాటి మధ్య ఉన్న తేడా ఒకరి రెండున్నర ఎకరాలు.

ర్యాంకుల జాబితా ఆ రోజుతో ఆగిపోయింది. ఇప్పుడు అంకెలు గ్రూపులోకి రావు, నా ఒక్కదాని ఫోనుకే వస్తాయి. అంకెతో పాటు ఎర ఉందో లేదో చూసి చెప్పాలన్నది కొత్త నియమం. సీజన్లో రోజూ అందరికంటే ముందు వచ్చేది మస్తాన్‌బీ సందేశం. ఈ మాటు కూడా అంతే. మొన్న పొద్దున ఆరున్నరకి వచ్చింది: 'సున్నా. మూత తీసి చూశాను. ఎర ఉంది.' నా దగ్గరున్న అంకెలన్నిటిలోకీ నేను కళ్ళు మూసుకుని నమ్మేది ఆ సున్నానే.

అయిదు నిమిషాల తర్వాత కోటయ్య గారిది వచ్చింది: 'రెండు. ఎర ఉంది. ఒక్కటే ఉంది.'